చౌక మ్యాగజైన్‌కు అసలు ఖర్చు తూటాల్లో పడుతుంది

చిన్న పిస్టల్‌కు రెండో మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చి పిస్టల్‌లోకి దూర్చే పెట్టె, కొనాలంటే విదేశీ నిపుణుల సలహా దాదాపు ఒకేలా ఉంటుంది. పిస్టల్ చేసినవాళ్లది కాక బయటి కంపెనీదైనా కొనండి, వందో రెండొందలో తూటాలు కాల్చి చూడండి, జామ్ కాకపోతే వాడుకోండి అంటారు. ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో లైసెన్సున్న తెలుగు వ్యాపారికి ఈ సలహా అక్కరకు రాదు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది. మ్యాగజైన్‌లో మిగిల్చిన డబ్బు దాన్ని పరీక్షించే తూటాలకే చాలదు. అందుకే ఇక్కడ పిస్టల్ కంపెనీ చేసిన మ్యాగజైన్‌కే నా ఓటు.

మనకున్న తూటా కూడా పేచీకోరుదే. 9 ఎంఎం పారాబెల్లం నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుకు ఇవ్వని తూటా కొలత, కాబట్టి సామాన్య లైసెన్సుదారుకు దక్కే పిస్టల్ ఎక్కువగా .32 బోరుది. అమెరికా తుపాకీ రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1899 ప్రాంతంలో రూపొందించిన ఈ తూటాకు అడుగు అంచు ఒంటికన్నా దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందితూటా అంచు వెనక్కి జారిందంటే రెండూ లంకె పడతాయి. అప్పుడు స్లైడ్ (పిస్టల్ పైన ముందువెనకలకు కదిలే భాగం) ఎంత లాగినా లాభం లేదు, మ్యాగజైన్ బయటికి తీసి తూటాలు విడదీయాల్సిందే. తూటా పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. మ్యాగజైన్ లోపల ముందువెనకల కాస్త చోటు ఎక్కువైనా ఈ జారుడు మొదలవుతుంది. బయటి తయారీల్లో ముందు అనుమానించాల్సింది ఈ కొలతనే. నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదాని అంచుకు ముందుండేలా చూసుకోవాలి.

రెండో బలహీనత స్ప్రింగ్. పొట్టి మ్యాగజైన్ గొట్టంలో తూటాలను పైకి నెట్టే స్ప్రింగ్‌కు చోటు తక్కువ, చిన్న పిస్టల్ స్లైడ్‌కేమో వేగం ఎక్కువ. స్ప్రింగ్ నీరసమైతే తూటా పైకి వచ్చేలోపే స్లైడ్ ముందుకు దూకి ఖాళీ చాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) మీద మూసుకుంటుంది. ఒకటి రెండు తూటాలు అదనంగా పడతాయని అడుగు మార్చి అమ్మే మ్యాగజైన్లలో ఈ బెడద ఇంకా ఎక్కువ. చిన్న పిస్టల్‌కు అవి వద్దు. ఇక మ్యాగజైన్ మూతి దగ్గర లోపలికి వంగిన రెండు అంచులు మెత్తటి రేకువైతే నాలుగుసార్లు కిందపడగానే విచ్చుకుంటాయి, తూటా ముక్కు పైకి లేచి చాంబర్ అంచుకు తగులుతుంది.

జర్మనీ వాల్తర్ కంపెనీ పాత పిస్టల్ పీపీ ఉన్నవాళ్ల సంగతి వేరు. 1980ల మధ్య నుంచి వ్యక్తిగత దిగుమతులు దాదాపు ఆగిపోయాయి, అసలు మ్యాగజైన్ దొరకడం అదృష్టం. ఇలాంటి చోట ఇటలీ మెక్‌గార్ వంటి తయారీ నమ్మదగ్గదే, ఎన్నో పిస్టల్ కంపెనీలకు మ్యాగజైన్లు చేసిచ్చేది వాళ్లే. అయితే .32లో పీపీకి ఎనిమిది తూటాలది, దాని పొట్టి రూపమైన పీపీకేకు ఏడింటిది. రెండింటి పొడవు ఒకటి కాదు, చూసి కొనండి. .380 అనే వేరే తూటాకు చేసిన మ్యాగజైన్ .32దిలా కనిపిస్తుంది, మోసపోవద్దు.

ఏది కొన్నా ముందు డమ్మీ (పేలని నకిలీ) తూటాలతో చూడండి. అసలు తూటాలు మీరున్న గదిలోనే ఉండకూడదు, పిస్టల్ మొన సురక్షితమైన వైపే ఉండాలి. నిండుగా నింపి స్లైడ్‌ను చేత్తో పూర్తిగా లాగి వదులుతూ అన్నీ చాంబర్‌లోకి వెళ్తున్నాయో లేదో గమనించండి. ఖాళీ మ్యాగజైన్ బటన్ నొక్కగానే సాఫీగా బయటికి రావాలి. కాల్పుల్లో తేలేవి ఇందులో అన్నీ తేలవు గానీ కొలత లోపాలు చాలావరకు పట్టుబడతాయి. మ్యాగజైన్లకు పెయింట్‌తో అంకెలు వేసుకోండి. జామ్ ఒకే అంకె దగ్గర పడితే తప్పు మ్యాగజైన్‌ది, రెండింటా పడితే పిస్టల్‌దో తూటాదో. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రగాలి దగ్గరే కాబట్టి వానాకాలంలో మ్యాగజైన్ గొట్టం విప్పి పొడిగుడ్డతో తుడవాలి. లోపల నూనె పూయొద్దు, దుమ్ము పట్టి ఫాలోయర్ (స్ప్రింగ్ మీద తూటాలను మోసే పలక) ఇరుక్కుంటుంది.

చట్టం దృష్టిలో ఆయుధ భాగమూ ఆయుధమే. స్థానిక మెకానిక్‌తో చేయించుకున్న మ్యాగజైన్ జామ్ అవడం కంటే పెద్ద చిక్కు తెస్తుంది. లైసెన్సున్న డీలరు దగ్గర బిల్లుతోనే కొనాలి. లైసెన్సు పరిధి ఒడిశా వరకే ఉంటే, పిస్టల్ ఇంట్లో వదిలి మ్యాగజైన్ ఒక్కటే జేబులో వేసుకుని ఆంధ్రలోని పాతపట్నం వెళ్లినా ఇబ్బందే. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసేటప్పుడు రసీదులో మ్యాగజైన్ల సంఖ్య విడిగా రాయించుకోండి.