ముందు ఏ రంగు ఖాళీ? ఇదిగో తుది అంచనా

తెలుగునాట జోస్యానికి కొదవ లేదు. రుతుపవనాలు కేరళను ఎప్పుడు తాకుతాయో చెప్పడానికి వాతావరణ శాఖ ఉంది. పోలింగ్ ముగిసీ ముగియగానే ఎవరికి ఎన్ని సీట్లో చెప్పడానికి సర్వే సంస్థలున్నాయి. బంగారం ధర, టమాటా ధర, ఫలానా హీరో సినిమాకి మొదటి రోజు వసూళ్లు, అన్నిటికీ ఒక నిపుణుడు, ఆయన వెనకాల ఒక గ్రాఫు. కానీ ఇంట్లో ఓ మూల గుడ్డ కప్పుకుని కూర్చున్న ఇంక్‌జెట్ ప్రింటర్లో ఏ రంగు ముందు అయిపోతుందన్న ప్రశ్నను మాత్రం ఇంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నేను భుజాన వేసుకుంటున్నాను. నన్నెవరూ అడగలేదన్నది నిజమే. సర్వేలు చేసేవాళ్లను మాత్రం ఎవరు అడిగారు?

బరిలో ఉన్నవి నాలుగు: సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. షాపు భాషలో మొదటి రెంటినీ బ్లూ, పింక్ అంటారు. సామాన్య ప్రజల అభిప్రాయం ఏకగ్రీవం. బ్లాకే ముందు పోతుందట. 'రోజూ కొట్టేది నల్ల అక్షరాలే కదండీ' అన్నది వాళ్ల వాదన. సభకు జనం బాగా వచ్చారు కాబట్టి సీట్లూ బాగా వస్తాయి అనుకునే స్థాయి విశ్లేషణ ఇది. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

చదువుకున్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కుతారు. కార్ట్రిడ్జ్, అంటే ఇంకు డబ్బా, వచ్చే పెట్టె మీద ఇన్ని పేజీలు వస్తాయని అచ్చేసి ఉంటుంది కదా, దాన్ని బట్టి లెక్క కట్టవచ్చు అంటారు. ఆ అంకె గాల్లోంచి ఊడిపడలేదు, నిజమే. ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కొట్టాల్సిన ఐదు నమూనా పేజీలను 24712 అనే మరో ప్రమాణం నిర్ణయిస్తుంది. ఆ ఐదింటినీ, ఉష్ణోగ్రత అదుపులో ఉన్న గదిలో, ఇంకు అయిపోయేదాకా వరసబెట్టి కొట్టుకుంటూ పోవాలి. ఈ లెక్క మన ఇంటికి సరిపోవాలంటే ఇంటిల్లిపాదీ పనులు మానుకుని, ఏసీ వేసుకుని, రాత్రింబవళ్లు అవే ఐదు పేజీలు కొడుతూ కూర్చోవాలి. మన ఇళ్లలో జరిగేది వేరు. జూన్‌లో పిల్లవాడి స్కూల్ ప్రాజెక్టుకి రైతు బొమ్మ ఒకటి. ఆగస్టులో ఆధార్ కాపీ, అదీ బ్యాంకువాళ్లు మళ్లీ అడిగారు కాబట్టి. ఆ తర్వాత దసరా దాకా మౌనం. ఈ మౌనాన్ని ఏ ప్రమాణమూ కొలవలేదు. అసలు కథంతా ఆ మౌనంలోనే నడుస్తుంది, దానికి తర్వాత వస్తాను.

ముందు ఒక రాజ్యాంగ విషయం తేల్చాలి. ప్రింటర్లో ఉన్నది ఏకపార్టీ పాలన అనుకుంటున్నారు జనం. కాదు, సంకీర్ణం. బయటికి కనిపించే ముఖ్యమంత్రి బ్లాక్. అక్షరాలన్నీ ఆయన పేరు మీదే వెలువడతాయి. కానీ ఫొటో పేపరు పెట్టగానే చాలా ప్రింటర్లు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, మిగతా మూడు రంగుల్నీ కలిపి నలుపు తయారుచేస్తాయి. అక్షరాలకు వాడే పిగ్మెంట్ నలుపు ఆ నిగనిగలాడే కాగితానికి సరిగ్గా పట్టదు కనుక ఈ ఏర్పాటు. కొన్ని మోడళ్లు మామూలు కాగితం మీద కూడా బూడిద రంగు ఛాయల కోసం ఇదే పని చేస్తాయి. అంటే మీరు బ్లాక్ అండ్ వైట్ అనుకుని కొట్టించిన తాతగారి ఫొటోలో, ఆయన మీసంలో సహా, ఎల్లో ఉండి ఉండవచ్చు. ఇలా చప్పుడు లేకుండా ఖర్చయిపోయి ఒకనాడు ఎల్లో చేతులెత్తేస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు ఇంటి అద్దె అగ్రిమెంటు కొట్టబోతారు. అందులో ఎల్లో చుక్క ఒక్కటి లేదు. అయినా కొన్ని ప్రింటర్లు ససేమిరా అంటాయి. ఎల్లో మద్దతు ఉపసంహరించుకుంది, ప్రభుత్వం మైనారిటీలో పడింది. బ్లాక్ బలపరీక్షకు సిద్ధమే, కానీ సభ సమావేశం కాదు.

చవక ప్రింటర్లలో పరిస్థితి ఇంకా దారుణం. మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉంటాయి, ట్రైకలర్ అంటారు. ఒకటి ఖాళీ అయిందంటే మిగతా రెండూ నిండుగా ఉన్నా రాజీనామా చేయాల్సిందే.

ఎల్లో మీద నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఎరుపు రావాలంటే మెజెంటాకు ఎల్లో తోడు కావాలి. ఆకుపచ్చ రావాలంటే సయాన్‌కు ఎల్లో తోడు కావాలి. కాషాయానికీ కావాలి, మనిషి ఒంటి రంగుకీ కావాలి. పార్టీల కరపత్రాలు వరసగా పెట్టి చూడండి. టీడీపీది కొడితే ఎల్లో పీపాల్లెక్కన పోతుందని వేరే చెప్పక్కర్లేదు. జనసేన ఎరుపులో ఎల్లో ఉంది. బీజేపీ కాషాయంలో ఉంది, పక్కనున్న ఆకుపచ్చలో మళ్లీ ఉంది. వైసీపీ జెండాలోని ఆకుపచ్చలో కూడా నిక్షేపంగా ఉంది, ఈ సంగతి ఆ పార్టీ కార్యకర్తలకు చెప్పకపోవడమే మంచిది. ఒక్క బీఆర్ఎస్ గులాబీ మాత్రమే చాలావరకు మెజెంటాతో గట్టెక్కుతుంది. కాబట్టి గులాబీ కరపత్రాలు కొట్టే ఇళ్లలో మెజెంటా ముందు పోవచ్చు. అది స్థానిక పరిస్థితి, మొత్తం ధోరణిని మార్చదు.

ఇప్పటిదాకా చెప్పింది కాగితం దాకా వచ్చిన ఇంకు గురించి. జాబితాలో పేరు లేని ఐదో అభ్యర్థి ఒకడున్నాడు, వాడే అందరికంటే ఎక్కువ కొల్లగొడతాడు. వాడి పేరు ప్రింటరు. ఇంకు చిమ్మే నాజిళ్లు వెంట్రుక కంటే సన్నం. వాడకపోతే వాటి మూతి దగ్గర ఇంకు ఎండి గట్టిపడుతుంది. అలా జరగకుండా ఉండటానికి ఆన్ చేసినప్పుడల్లా, ఒక్కోసారి తనకు తోచినప్పుడల్లా, యంత్రం గరగరమంటూ హెడ్ క్లీనింగ్, అంటే ఆ నాజిళ్లున్న భాగాన్ని శుభ్రం, చేసుకుంటుంది. అన్ని రంగుల నుంచీ కాస్త కాస్త లాగి, అడుగున ఉన్న మెత్తలోకి వదిలేస్తుంది. పాత ప్రింటరు పారేసే ముందు ఒకసారి ఆ అడుగుభాగం విప్పి చూడండి. తెల్లగా పుట్టిన దూది మెత్త నల్లగా, తడిగా, ఎత్తితే చేతికి బరువు తెలిసేలా ఉంటుంది. అంచుల్లో మాత్రం ఊదా, పసుపు చారలు విడివిడిగా కనిపిస్తాయి. వేలితో నొక్కితే ఊరుతుంది, ఆ మరక సబ్బుకి లొంగదు. అంత డబ్బు పోసి మీరు కొన్న సయాన్, ఒక్క ఆకాశం బొమ్మకీ నోచుకోని సయాన్, అక్కడుంది. ఆ మెత్త నిండిందని లెక్క తేలిన రోజున ప్రింటరు పని ఆపేసి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లమని సందేశం చూపిస్తుంది. మీ ఇంకు తాగినందుకు బిల్లు కూడా మీకే.

దీనికి మన ఇళ్ల పొదుపు తోడవుతుంది. 'ఆ లైటెందుకు వెలుగుతోంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు' అంటూ నాన్నగారు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తారు. ప్రింటరు బటన్‌తో ఆపితే హెడ్ తన చోటికి వెళ్లి మూత పెట్టించుకుంటుంది. పని మధ్యలో గోడ స్విచ్ కట్టేస్తే ఎక్కడున్నది అక్కడే, నోరు తెరుచుకుని ఆరిపోతుంది. మర్నాడు మళ్లీ క్లీనింగ్. కరెంటులో మిగిలిన పైసలు అలా ఇంకు రూపంలో మెత్తలో జమవుతాయి.

ఇక్కడ నా పరిశోధన ఒక గొప్ప ఫలితానికి చేరింది. ఏ రంగు ఎక్కువ వాడితే అది ముందు అయిపోతుందన్న పాత సిద్ధాంతం కొట్టుకుపోయింది. అసలు వాడని రంగు కూడా అయిపోతుంది. మీరు కొట్టకపోవడమే దాని చావుకి కారణం.

'ఇంత రాద్ధాంతం ఎందుకు, తెర మీద నాలుగు గీతలు చూపిస్తుంది కదా' అంటారు. చూపిస్తుంది. చాలా మోడళ్లలో ఆ గీత కొలత కాదు, ఊహ. ఇన్ని చుక్కలు చిమ్మాం కాబట్టి ఇంత మిగిలి ఉండాలి అన్న లెక్క. అంటే ఎగ్జిట్ పోల్. పైగా సర్వే చేసింది అభ్యర్థి సొంత కంపెనీ, తక్కువ ఉందని తేలితే కొత్త కార్ట్రిడ్జ్ అమ్ముడయ్యేది ఆ కంపెనీకే. ఇందులో అనుమానించాల్సిందేముంది?

నిండుకుండలు కూడా నిండు ప్రాణాలతో రాలిపోయిన చరిత్ర ఉంది. 2016 సెప్టెంబర్ 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని, అంతకు ముందు రోజు దాకా సుబ్బరంగా వాడుకున్న ఇతర కంపెనీల కార్ట్రిడ్జ్‌లను ఉన్నట్టుండి తిరస్కరించాయి. ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంది. గొడవ ముదిరాక కంపెనీ క్షమాపణ చెప్పి, దాన్ని తీసేసే అప్‌డేట్ ఇచ్చింది. ఇలాంటి కట్టడి ఉందన్న విషయం కొనేవాళ్లకు సరిగా చెప్పలేదంటూ 2020 డిసెంబర్‌లో ఇటలీ అధికారులు కోటి యూరోల జరిమానా వేశారు. 2021లో అమెరికాలో ఒకాయన కానన్ మీద కోర్టుకెక్కాడు. ఆయన ఫిర్యాదు ఏమిటంటే, ఇంకు అయిపోతే స్కానింగ్ కూడా ఆగిపోతోందని. కాగితం చూడటానికి ఇంకెందుకని ఆయన ప్రశ్న. అది వాడకందారు అడగాల్సిన ప్రశ్నే, కానీ ముఖ్యమంత్రి లేకుండా సచివాలయంలో ఫైలు కదులుతుందా అన్నది నా ఎదురు ప్రశ్న.

నాకు బాగా నచ్చిన సంఘటన 2022 జనవరిలోది. అది టోనర్, అంటే లేజర్ ప్రింటర్లలో వాడే పొడి సంగతి, ఇంకుది కాదు, అయినా నీతి ఒకటే. డబ్బా సొంత కంపెనీదేనని యంత్రానికి చెప్పే చిప్పుల కొరత వచ్చి కానన్ తన సొంత టోనర్ డబ్బాలను చిప్పు లేకుండా పంపాల్సి వచ్చింది. వాటిని చూసి కానన్ యంత్రాలే గుర్తుపట్టలేక హెచ్చరికలు మొదలుపెట్టాయి. అప్పుడు ఆ హెచ్చరికను దాటి ముందుకెళ్లడం ఎలాగో జర్మనీలోని వినియోగదారులకు కంపెనీయే నేర్పింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ సామాన్ల బజారుంది. అందరూ సీటీసీ అంటారు. అక్కడి రీఫిల్ కుర్రాళ్లకు ఈ విద్య ఏనాడో వచ్చు. ట్రైకలర్ డబ్బా పైనున్న స్టిక్కర్ గోరుతో లేపితే కింద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఏ రంధ్రంలో ఏ రంగో తెలుసుకోవడానికి కుర్రాడు పుల్ల ఒకటి గుచ్చి, తీసి, టిష్యూ మీద రాస్తాడు. తర్వాత సిరంజితో తలా కాస్త ఎక్కిస్తాడు, నెమ్మదిగా, స్పాంజి పీల్చుకునేంత నెమ్మదిగా. చివర డబ్బా అడుగును టిష్యూకి అద్దుతాడు. మూడు చారలు పక్కపక్కన విడిగా పడితే పని అయినట్టు. ఇంటికొచ్చి పెడితే ప్రింటరు మాత్రం ఇంకు లేదనే అంటుందని నేను అడిగాను.

"అది గట్లనే సూపిస్తది సార్. మీరు ఓకే కొట్టుండ్రి, ప్రింట్ వస్తనే ఉంటది."

ఇంత స్పష్టమైన ఎన్నికల విశ్లేషణ నేను ఏ టీవీలోనూ వినలేదు.

ఇక ముహూర్తం. రంగు ఏదన్నది ఒక ఎత్తు, అది ఎప్పుడు పోతుందన్నది ఇంకో ఎత్తు. నా పరిశీలనలో ఇంకు సాధారణంగా వీధి చివర జిరాక్స్ షాపు షట్టరు దించిన తర్వాత అయిపోతుంది. మర్నాడు నీట్ పరీక్ష ఉండాలి, అడ్మిట్ కార్డులో అమ్మాయి ఫొటో ఉండాలి. లేదా పొద్దున్నే నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ ఉండాలి, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు కన్ఫర్మేషన్ పేజీ ఇంకా కంప్యూటర్లోనే ఉండాలి. ఇల్లంతా టెన్షన్. అప్పుడు ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది. సినిమా పాట సాహిత్యం కొట్టేటప్పుడు అది ఎన్నడూ వెలగదు.

మా వృత్తికి ముప్పు ముంచుకొస్తోందన్న విషయం కూడా నిజాయితీగా చెప్పాలి. కొన్ని దేశాల్లో జనం ప్రింటరు పక్కన సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలతో లోపలికి ఇంకు పంపించుకోవడం మొదలుపెట్టారు. ఎలాగూ ఆగేలా లేరని గ్రహించి ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో ఆ ట్యాంకులను తానే బిగించి అమ్మింది. తర్వాత మన దగ్గరికీ వచ్చాయి. ఇప్పుడు వీధి చివర జిరాక్స్ షాపులో చూడండి, ముందువైపు నాలుగు కిటికీలు, వాటిలో నాలుగు నీటిమట్టాలు. ఏది తగ్గిందో రోడ్డు మీద పోయేవాడికీ కనిపిస్తుంది. ప్రజలకు ఓట్ల లెక్కింపు నేరుగా కనిపించేస్తే మేము బతికేదెలా? అదృష్టవశాత్తూ ఆ ప్రింటర్లలో కూడా మెత్త ఉంది, అది కిటికీలోంచి కనిపించదు. మా తదుపరి సర్వే దాని మీదే.

ప్రస్తుతానికి తుది అంచనా. కార్ట్రిడ్జ్ ప్రింటరున్న ఇళ్లలో ఎల్లో మొదట, దాని వెనకే మెజెంటా. సయాన్ ఉన్నట్టు కనిపిస్తూనే మెత్తలోకి వెళ్లిపోతుంది. బ్లాక్ చివరిదాకా నిలబడుతుంది, కానీ కొట్టనివ్వరు. ఈ అంచనాలో తేడాకు అవకాశం ప్లస్ ఆర్ మైనస్ మూడు రంగులు.