వేసవి సెలవులు పిల్లల భవిష్యత్తుకు హానికరం

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు ఇళ్లలో ఖాళీగా తిరుగుతున్నారన్న దుర్వార్త ఈ మధ్య అక్కడక్కడా వినబడుతోంది. కొందరు తొమ్మిది దాకా లేవడం లేదట. ఒకరిద్దరు అమ్మమ్మగారి ఊరు కూడా వెళ్లారని చెప్పుకుంటున్నారు. బాధ్యత గల పౌరుడిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. మార్చి నెలాఖరుకి సోషల్ పరీక్ష అయిపోతుంది. ఇంటర్ క్లాసులు జూన్‌లో గానీ మొదలవవు. మధ్యలో రెండు నెలలు. ఆ రెండు నెలలూ వదిలేస్తే పిల్లాడు ఏమైపోవాలి? ఐపీఎల్ చూడొచ్చు. పచ్చి మామిడికాయ కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని తినొచ్చు. అన్నిటికన్నా ప్రమాదం, తనకేం చదవాలనుందో ఆలోచించుకోవచ్చు.

అదృష్టం కొద్దీ మన తల్లిదండ్రులు మెలకువగానే ఉన్నారు. వాళ్ల కోసమే కాలేజీలవాళ్లు బ్రిడ్జి కోర్సు కనిపెట్టారు. పది పరీక్షలు అయిన వారంలోపే పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఇంటర్ ఫిజిక్సు మొదలుపెట్టేస్తారు. పది పాసయ్యాడో లేదో ఫలితాలు ఏప్రిల్లో ఎప్పుడో వస్తాయి. అప్పటికి వాడు వెక్టర్లు అయిపోయి కైనమాటిక్స్‌లో ఉంటాడు. పది తప్పినా పరవాలేదు గానీ కైనమాటిక్స్ మాత్రం తప్పకూడదు.

ఇదంతా నాకు మా పై ఫ్లాటువాళ్ల దయవల్ల తెలిసింది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆవిడ పూతరేకులు పట్టుకుని దిగారు. ఎవరికో పెళ్లి కుదిరిందనుకున్నాను. "మా వాడికి బ్రిడ్జి కోర్సులో సీటొచ్చిందండీ, నోరు తీపి చేసుకోండి" అన్నారు. ఇంకా ప్రీఫైనల్సే అవలేదు కదండీ అన్నాను. "సంక్రాంతికే బ్లాక్ చేసేశాం. పండగ ఆఫర్ ఉంది" అన్నారు. నోటిఫికేషన్ రాకుండా అడ్మిషన్లు చేసుకోకూడదనీ, వేసవి సెలవుల్లో క్లాసులు పెట్టకూడదనీ ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. ఆ హెచ్చరిక పేపర్లో లోపలెక్కడో చిన్న వార్తగా వస్తుంది. మొదటి పేజీలో 'అడ్మిషన్లు జరుగుతున్నవి' అని పెద్ద ప్రకటన ఉంటుంది. మనవాళ్లు మొదటి పేజీ చదివే రకం.

పైవాళ్లు నన్ను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర దింపుతామని కారెక్కించుకున్న రోజు సోషల్ పరీక్ష రోజు. దింపలేదు. పరీక్ష సెంటరు దగ్గర ఆగి, పిల్లాణ్ణి ఎక్కించుకుని, కారు నేరుగా గూడవల్లి వైపు తిప్పారు. మిగతా ఫీజు మాట్లాడి బ్యాచ్ ఖాయం చేసుకోవాలట, మధ్యాహ్నం రెండు దాటితే మంచి గడియలు లేవట. చివరి పరీక్ష కాబట్టి కుర్రాడు ఆనవాయితీ ప్రకారం స్నేహితులతో ఇంకు చల్లుకుని వచ్చాడు. తెల్ల చొక్కా సగం నీలం. చెవి వెనకాల కూడా ఇంకే. "ఇదేంట్రా ఈ అవతారం! సార్లు ఏమనుకుంటారు!" అని వాళ్లమ్మ మంచినీళ్ల సీసాతో కర్చీఫ్ తడిపి కారులోనే తుడవడం మొదలుపెట్టింది. నీలం కాస్తా మెడంతా పాకింది.

కాలేజీ అంటే మామూలు కాలేజీ కాదు. ఐదంతస్తులు, కింద సెల్లారు. సెల్లార్లో బైకులు, బైకుల మధ్య ఒక క్యారమ్ బోర్డు. ఆట స్థలం అదేనట. రిసెప్షన్లో గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. వాళ్లల్లో ఇద్దరు ముందురోజు ఇంకో కాలేజీ హోర్డింగు మీద కూడా నాకు కనిపించారు. ఒకే మనిషి రెండు చోట్ల చదవడం పూర్వం యోగులకే సాధ్యమయ్యేది.

పీఆర్వోగారు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టారు. నాన్న, అమ్మ, తాతయ్య, పొరపాటున నేను, టెక్సస్ నుంచి వీడియో కాల్లో బాబాయి. అక్కడ తెల్లవారుజాము మూడు. పిల్లాడికి కుర్చీ చాలక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బాబు ఎక్స్‌పెక్టేషన్ ఎంత సార్?"

"ఐదొందల ఎనభై అండీ" అన్నాడు నాన్న.

"ఐదొందల యాభై వస్తే..." అని గుమ్మం దగ్గర్నించి వినబడింది.

"నువ్వుండరా, పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

పీఆర్వోగారు కాగితం మీద మూడు గీతలు గీసి పిరమిడ్ వేశారు. అడుగున మామూలు బ్యాచ్. దానిపైన స్టార్. ఆ పైన సూపర్ స్టార్. ఆ పైన ఇంకొకటి ఉంది గానీ దాని పేరు ఇప్పుడే చెప్పకూడదట, స్క్రీనింగ్ టెస్టులో వచ్చినవాళ్లకే చెబుతారట. మూడో వారం పరీక్ష పెట్టి పిల్లల్ని పైకీ కిందికీ మారుస్తారు. "కింది బ్యాచ్‌లో పడితే?" అని అమ్మ గుండె పట్టుకుంది. "పడరు మేడమ్. పడితే వాళ్లకే కసి పుడుతుంది" అన్నారాయన. బాబాయి టెక్సస్ నుంచి "ఐఐటీ గ్యారంటీయేనా అండీ?" అన్నాడు. నెట్ సరిగ్గా లేక 'గ్యారంటీ' దగ్గర ఆయన బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి ఉన్న బాబాయినే చూస్తూ పీఆర్వోగారు ఫీజు చెప్పారు. ఏసీకి ఒక రేటు, నాన్ ఏసీకి ఒక రేటు. మెటీరియల్ వేరు, యూనిఫాం వేరు, బట్టలుతికినందుకు వేరు. ఇవాళే కడితే పదిహేను వేలు తగ్గింపు. రేపు అడిగితే ఆయన చేతిలో ఉండదట. ఇవాళ ఆయన చేతిలో ఉన్నది రేపటికల్లా ఎవరి చేతిలోకి పోతుందో మేమెవరం అడగలేదు.

అంతసేపట్లో పనికొచ్చే ప్రశ్న వేసింది తాతయ్య ఒక్కరే. "పెరుగు గట్టిగా వేస్తారా?" అన్నారు. దానికి మాత్రం సూటిగా జవాబు రాలేదు.

అంతా అయ్యాక పీఆర్వోగారికి పిల్లాడు గుర్తొచ్చాడు. భుజం తట్టబోయి, ఇంకు చూసి చెయ్యి వెనక్కి తీసుకుని, "మరి నీ టార్గెట్ ఏంటి నాన్నా?" అన్నారు.

"ఇంటికెళ్లి స్నానం చెయ్యాలి అంకుల్" అన్నాడు వాడు.

మధ్యాహ్నమంతా కలిపి ఆ పిల్లాణ్ణి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.

ఎంపీసీయా బైపీసీయా అని ఎవరు తేల్చారని మీరు అడుగుతారేమో. ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. అన్నప్రాసన నాడు పీట ముందు పెన్ను, పుస్తకం, బంగారం, పూలు పెడతారు చూడండి, పెన్ను పట్టుకుంటే ఎంపీసీ. వేరేది పట్టుకుంటే చేతిలోంచి లాగేసి పెన్ను పెడతారు. ఆడపిల్ల అయితే బైపీసీ గురించి ఒక పూట ఆలోచిస్తారు. హెచ్‌ఈసీ అన్న పిల్లాడికి ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తారు. పాలిటెక్నిక్ అంటే "ఖర్మ" అంటారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, పది మార్కులతోనే ఆరేళ్ల చదువుకు సీటిస్తున్నారని చెబితే, "అక్కడ సీటు రావాలి కదండీ" అంటారు. ఐఐటీలో మాత్రం వచ్చేసినట్టే.

దేశంలో ఉన్న ఐఐటీలు 23. అన్నిట్లో కలిపి సీట్లు సుమారు 18 వేలు. మన రెండు రాష్ట్రాల్లో పది రాసే పిల్లలు ఏటా 11 లక్షల దాకా ఉంటారు. బీహారుకీ రాజస్థాన్‌కీ ఒక్కటీ ఇవ్వకుండా ఆ సీట్లన్నీ మన పేరునే రాసిచ్చినా అరవై మందిలో ఒకడికి వస్తుంది. ఈ లెక్క చేయడానికి పదో తరగతి గణితం కూడా అక్కర్లేదు. అయినా ప్రతి ఇంట్లోనూ ఆ ఒక్కడూ మనవాడే.

సీటు ఖాయమయ్యాక ఇంటి దగ్గర అసలు తర్ఫీదు మొదలైంది. మా పైవాళ్లని చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి. కేబుల్ తీయించారు. ఫోను బీరువాలో, చీరల అడుగున పెట్టారు. హాస్టల్లో ఐదింటికి లేపుతారు కాబట్టి ఇంట్లో నాలుగున్నరకే లేపడం అలవాటు చేశారు, అరగంట ముందుంటే పోటీలో మనవాడు అరగంట ముందున్నట్టే కదా. హాస్టల్ భోజనం ఒంటికి పడాలని రాత్రిపూట కావాలని నీళ్ల సాంబారు కాచారు. అది తాతయ్యకి కూడా వడ్డించారు, ఆయన ఏ గ్రూపో ఎవరికీ తెలియదు. వారానికొకసారి ఐదు నిమిషాలే ఫోను మాట్లాడనిస్తారు గనక దానికీ రిహార్సల్ చేశారు. పిల్లాడు హాల్లో, అమ్మ బెడ్రూంలో, నాన్న చేతిలో గడియారం. నాలుగు నిమిషాలు అమ్మే మాట్లాడింది. ఐదో నిమిషంలో పిల్లాడు "అమ్మా" అన్నాడు, టైమైపోయింది.

ట్రంకు పెట్టె కొన్నారు. తాళం, రెండు తాళంచెవులు, బకెట్టు, మగ్గు, దిండు. బకెట్టు అడుగున పిల్లాడి పేరు పెయింటుతో రాయించారు, చాలా బకెట్లు ఒకేలా ఉంటాయట. తాతయ్య దగ్గరుండి చిన్న ముక్కల ఆవకాయ కలిపించారు. ఏప్రిల్ మొదటి వారంలో, ఊరంతా వడగాడ్పులకి తలుపులేసుకున్న పూట, ఆ పెట్టె కారు డిక్కీలో పట్టక పైన కట్టుకుని వెళ్లారు. ఎండలో పిల్లల్ని బయట తిప్పొద్దని ప్రభుత్వం చెప్పింది. తిప్పలేదు. తరగతి గదిలోంచి హాస్టల్ గదిలోకే.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లని చేర్చుకోవద్దు, పదో తరగతి స్థాయి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలి అని. మనవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. పరీక్ష పన్నెండూ ముప్పావుకి అయింది, ఒంటిగంటన్నరకి మేము పీఆర్వో గదిలో ఉన్నాం. అంతకుముందు ఆరో తరగతి నుంచి చదివిన ఐఐటీ ఫౌండేషన్ అంటారా, అది కోచింగ్ కాదు, స్కూలు. ఇదీ కోచింగ్ కాదు, జూనియర్ కాలేజీ. కోచింగ్ సెంటర్ అనేది మన రాష్ట్రంలో ఎక్కడుందో వెతికి పెడితే మార్గదర్శకాలు అమలు చేయడానికి అందరూ సిద్ధమే.

ఇక ఆ రోజు లేచి వస్తుంటే పీఆర్వోగారు గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, ఒక మాట చెప్పారు. "మొదటి పదిహేను రోజులు ఏడుస్తారు మేడమ్. తీసుకెళ్లిపోమంటారు. కడుపునొప్పి అంటారు. మీరు రాకండి, ఫోన్ కూడా చేయకండి. సెట్ అయిపోతారు." అమ్మ తల ఊపింది. నాన్న తల ఊపాడు. తెరమీద బాబాయికి నెట్ తిరిగొచ్చి ఆయనా ఊపాడు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించాలి.

పదిహేనేళ్లు కడుపులో పెట్టుకుని పెంచిన పిల్లాడు ఏడుస్తూ చెప్పేది నమ్మొద్దని, అడ్మిషన్‌కింత కమీషన్ వచ్చే మనిషి చెబితే ఎలా నమ్మారండీ? మీ పిల్లాడికి నిజంగా కడుపునొప్పి ఎప్పుడొస్తుందో, నాటకం ఎప్పుడో ఆయనకి తెలుసా, మీకు తెలుసా? ప్రతి ఏడూ ఇంటర్ పిల్లలు చనిపోయిన వార్తలు చదువుతున్నాం. చదివి పేజీ తిప్పుతున్నాం. విశాఖపట్నం హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, 2025 జూలైలో కోర్టు దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. అందరి ముందూ అవమానించొద్దంది. హాస్టల్ గదుల్లో ఫ్యాన్లు ఎలాంటివి ఉండాలో, మేడ మీదికి పిల్లల్ని వెళ్లనివ్వాలో వద్దో కూడా చెప్పాల్సి వచ్చింది. అర్థమవుతోందా? మీరు "ఏసీయా, నాన్ ఏసీయా" అని బేరమాడిన గది గురించి అది. పీఆర్వో మీ ఎదురుగా పిరమిడ్ గీసి చూపించాడే, అదే వద్దన్నది కోర్టు. మీరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

కాలేజీలు దుర్మార్గం చేస్తున్నాయి, నిజమే. బోర్డుకి చేతకాదు, అదీ నిజమే. కానీ బోర్డు మీ ఇంటికొచ్చి పిల్లాణ్ణి కారెక్కించలేదు. పక్కింటివాడు చేర్చాడని మీరు చేర్చారు, మీరు చేర్చారని ఎదురింటివాళ్లు చేర్చబోతున్నారు. ఒక్క ఇంట్లోనైనా, "రెండు నెలలు ఇంట్లోనే ఉండరా, జూన్‌లో చూద్దాం" అన్నవాళ్లని ఈ అపార్టుమెంటులో నేను చూడలేదు. ఆ మాటకి ఫీజు కూడా లేదు.

మా పై ఫ్లాటు కుర్రాడు పన్నెండో రోజున వార్డెన్ ఫోను అడిగి తీసుకుని, వచ్చి తీసుకెళ్లమన్నాడు. వాళ్ల నాన్న లిఫ్టులో నాతో ఆ మాట నవ్వుతూనే చెప్పాడు, పీఆర్వోగారు ముందే చెప్పారుగా, కరెక్టుగా అలాగే జరుగుతోందని. వెళ్లి తీసుకురండి అన్నాను. జేబులోంచి రసీదు తీసి వెనక్కి తిప్పి చూపించాడు. 'చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు' అని చిన్న అక్షరాల్లో ఉంది. "చూశారుగా, మరి ఎలా తీసుకొస్తామండీ?" అన్నాడు.