కర్టెన్ రాడ్లు కట్టుకుని మంచులోకి

కాలేజీలో రెండో ఏడాది అవగానే మా అబ్బాయి ఒక సెమిస్టర్ మానేసి, అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే పొడవాటి కాలిబాట అప్పలాచియన్ ట్రెయిల్ నడుస్తానన్నాడు. "ఒక్కడివేనా?" అంది వాళ్లమ్మ. "ఒక్కణ్ణే" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నాలుగు రోజుల తర్వాత నా ల్యాప్‌టాప్ మీద ఒక నలిగిన పుస్తకం పెట్టి వెళ్లాడు. 'ఇన్‌టు ద వైల్డ్'. "నాన్నా, తిట్టే ముందు ఇది చదువు."

కథ మీలో చాలామందికి సినిమాగా తెలిసే ఉంటుంది. క్రిస్ మెక్‌కాండ్లెస్ 1990లో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాడు. దాచుకున్న డబ్బు సుమారు 24 వేల డాలర్లు దానమిచ్చేశాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు, పేరు కూడా మార్చుకున్నాడు. 1992 ఏప్రిల్ చివర ఐదు కిలోల బియ్యం కూడా లేని సంచితో, ఒక చిన్న తుపాకీతో అలస్కా అడవిలోకి నడిచాడు. లిఫ్ట్ ఇచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ కుర్రాడి వాలకం చూసి భయపడి, తన బూట్లూ మధ్యాహ్నానికి తెచ్చుకున్న తిండీ ఇచ్చి పంపాడట. సెప్టెంబరులో వేటగాళ్లకు, అడవిలో పాడుబడి ఉన్న 142 నంబరు బస్సులో అతని శవం దొరికింది. బరువు 67 పౌండ్లు, అంటే ముప్పై కిలోలు. వయసు 24.

ఇంతవరకూ చదివి మామూలు తండ్రిలాగే "తిక్క కుర్రాడు" అనుకున్నాను. అలస్కా వాళ్లు చాలామంది అన్నదీ అదే. రచయిత జాన్ క్రాకవర్ ముందుగా 1993 జనవరిలో ఒక పత్రికలో ఈ కథని వ్యాసంగా రాస్తే, పొగరుబోతు, చావు కొనితెచ్చుకున్నాడు అంటూ ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఆయన మాత్రం వదల్లేదు. ఏడాదికి పైగా ఆ కుర్రాడు నడిచిన దారుల వెంట తిరిగి పుస్తకం రాశాడు. తాను నిష్పక్షపాతంగా ఉండలేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు కూడా.

ఎందుకు ఉండలేడో పుస్తకం సగం దాటాక తెలుస్తుంది. అక్కడ క్రిస్‌ని పక్కనపెట్టి తన సంగతి ఎత్తుకుంటాడు. 1977లో ఆయనకు 23 ఏళ్లు, వడ్రంగి పని. ఒంటరిగా అలస్కా వెళ్లి డెవిల్స్ థంబ్ అనే కొండ ఎక్కాలని బయల్దేరాడు. మంచు మైదానంలో పగుళ్ల మీద పల్చగా మంచు కప్పేసి ఉంటుంది, కాలు పెడితే పాతాళమే. తాడు పట్టుకునే తోడు లేదు. అందుకని ఏం చేశాడంటే, రెండు పొడవాటి కర్టెన్ రాడ్లు కొని శిలువలాగా ఒంటికి కట్టుకున్నాడు. పడితే రాడ్లు పగులుకి అడ్డంపడి ఆపుతాయని! నవ్వొస్తుంది కదా. నిజంగానే ఒకసారి నడుం దాకా దిగబడ్డాడు, నిజంగానే ఆ రాడ్లే ఆపాయి. రాడ్డు ఇంకొంచెం పక్కకి తిరిగి ఉంటే ఆయన పేరు మనకి తెలిసేది కాదు. తిండి పడెయ్యాల్సిన చిన్న విమానం వాతావరణం బాగాలేక ఆలస్యమైంది. గుడారం తగలబెట్టుకున్నాడు. చివరికి అనుకున్న వైపు నుంచి కుదరక, ఇంకో వైపు నుంచి శిఖరం చేరాడు.

క్రాకవర్ వాళ్ల నాన్న డాక్టరు. కొడుకూ డాక్టరవ్వాలి, కాకపోతే లాయరు. ఇది అమెరికా దొరల ఇంటి కథా, మా విజయవాడ ఇంటి కథా అని నాకు అనుమానమొచ్చింది. ఎనిమిదేళ్ల వయసులో కొడుకుని మొదటిసారి కొండెక్కించింది కూడా ఆ నాన్నేనట!

నా అభిప్రాయం ఇది. క్రాకవర్ తనని తాను క్రిస్‌లో చూసుకోవడం డబ్బా కొట్టుకోవడం కాదు. నేను బతికొచ్చాను, వాడు రాలేదు, తేడా చాలావరకు అదృష్టమే అని చెప్పడానికి మామూలు ధైర్యం చాలదు. బతికొచ్చిన మగాళ్లు సాధారణంగా "నేను చూసుకుని వెళ్లాను కాబట్టి వచ్చాను" అంటారు. నేనూ అన్నాను, ముప్పై ఏళ్లు.

కానీ ఈ తాదాత్మ్యం ఆయన చూపుని కొంత కమ్మేసిందని కూడా నాకనిపిస్తుంది. క్రిస్ ఎలా చనిపోయాడన్నదే చూడండి. జూలై 30న తన నోట్సులో, బాగా నీరసించిపోయాను, గింజల వల్లే అని రాసుకున్నాడు. ఒక మొక్కని ఇంకో మొక్క అనుకుని తిన్నాడని క్రాకవర్ వ్యాసంలో రాశాడు. పుస్తకంలో మార్చి, ఆ గింజల్లోనే విషముందన్నాడు. 2013లో ఓడీఏపీ అనే పదార్థమన్నాడు. అది మన కేసరి పప్పులో ఉండే విషమే! కందిపప్పులో కల్తీ చేస్తారని చిన్నప్పుడు మా అమ్మ చేటలో పోసి ఏరిందే, ఎక్కువకాలం తింటే కాళ్లు పడిపోతాయనే పప్పు. రెండేళ్లకి అది కూడా కాదు, ఇంకోటని తనే దిద్దుకున్నాడు. ఒట్టి ఆకలితో పోయాడని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇరవై ఏళ్ల పైబడి ఈ వెతుకులాట ఎందుకు? ఆ కుర్రాడు మూర్ఖుడు కాదని తేలాలి. తేలితే ఇరవై మూడేళ్ల జాన్ కూడా కాడు.

ఇంకోటి. 2014లో క్రిస్ చెల్లెలు కరీన్ తన పుస్తకంలో ఇంట్లో తండ్రి పెట్టిన హింస గురించి రాసింది. ఆ సంగతి ఆమె క్రాకవర్‌కి ముందే చెప్పి, బయటపెట్టొద్దని కోరింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, తప్పుపట్టను. కానీ చదివినవాళ్లం మనం మాత్రం, పంతం పట్టిన నాన్న, పంతం పట్టిన కొడుకు అనే సరిపెట్టుకున్నాం. క్రాకవర్ ఇంటి కథకి అది సరిపోతుందేమో గానీ క్రిస్‌ది వేరే బాధ.

నన్ను నిద్రపోనివ్వనిది నది. ఏప్రిల్‌లో క్రిస్ నడిచి దాటిన టెక్లనికా, జూలైలో తిరిగి వద్దామని చూస్తే హిమానీనదాలు కరిగి పోటెత్తి ఉంది. వెనక్కి తిరిగాడు. అక్కడికి మైలు లోపే, నది దాటడానికి తీగ మీద చేత్తో లాగే బుట్ట ఒకటి ఉంది. మంచి మ్యాపు ఉంటే కనపడేది.

నాకు పదిహేడేళ్లప్పుడు, మెడిసిన్ సీటు రాలేదని తెలిసిన వారానికి, స్నేహితులతో పందెం కాసి నిండుగా పారుతున్న బందరు కాలువలో దూకాను. అవతలి గట్టు అందలేదు. రేవులో బట్టలు ఉతుకుతున్న ఒకాయన జుట్టు పట్టుకుని లాగాడు. నాలుగు తిట్టి మళ్లీ బట్టలు ఉతుక్కున్నాడు. పేరు కూడా అడగలేదు నేను.

మొన్న ఆదివారం మావాడు వంటగది బల్ల మీద మ్యాపులు పరిచి రూటు గీస్తుంటే ఇది చెప్పాను. వాడు పెన్సిలు ఆపి నన్ను కొత్తగా చూశాడు. గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ, "పాతికేళ్లయింది పెళ్లయి, నాకెప్పుడూ చెప్పలేదే!" అంది.

మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఈ పత్రిక విజయవాడ దాకా వెళ్లదని ధైర్యం.