గంట కొట్టిన నాడే పాఠం

పత్తి గింజల ప్యాకెట్టూ పిల్లల నోట్‌బుక్కులూ ఒకే వారంలో కొనాల్సి రావడం ఉత్తర తెలంగాణ రైతు ఇంటికి ఏటా ఉండే బాధే. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, బడి 12న తెరుస్తారు. ఈ నాలుగైదు రోజుల సందులోనే విత్తనాలు, డీఏపీ బస్తా, ట్రాక్టరు కిరాయి. వాటి పక్కనే బూట్లు, సంచి, ఆటో అడ్వాన్సు. యాసంగి వడ్ల పైసలు ఖాతాలో పడ్డ ఇల్లు కొంత నయం. మిగతావాళ్లకు ఇవి చేతిలో పైసలాడని రోజులు. ప్యాకెట్టు ధర 900 రూపాయల దగ్గరికి చేరింది, ఎకరానికి రెండైనా కావాలి, దాంట్లో బేరం లేదు. అదును దాటితే విత్తనం ఆగదు కాబట్టి ఆగేది పిల్లల ఖర్చే. ‘వానలు పడ్డంక కొందాం బిడ్డా’ అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు ఈ జిల్లాల్లో తక్కువ.

తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లకు వేరే దారి లేదు. మా అభ్యంతరం అదే మాట సర్కారు నోట కూడా వినపడటం మీద. పుస్తకాలు బడి తెరిచాక వస్తాయి, రెండో జత యూనిఫాం తర్వాత వస్తుంది, టీచర్ల సర్దుబాటు జూలైలో చూద్దాం, బాత్‌రూంకు తలుపు నిధులొచ్చాక పెడదాం. ఇట్లా జూన్ నెల మొత్తం సర్దుకోవడంలోనే కరిగిపోతుంది. జూలై చివరికల్లా మొదటి ఎఫ్‌ఏ పరీక్ష వచ్చి కూర్చుంటుంది. ఆ పరీక్షలో వెనకబడ్డ పిల్లవాడికి ‘చదువు రాదు’ అని పేరు పడుతుంది. నిజానికి వాడికి రానిది చదువు కాదు, పుస్తకం.

యూనిఫాం సంగతే చూడండి. సర్కారు బడి పిల్లలకు ఏటా రెండు జతలు ఇవ్వాలి. బట్ట సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తారు, మహిళా సంఘాల సభ్యులు కుడతారు. కుట్టుకూలిని జతకు 50 రూపాయల నుంచి 75కు 2024లో పెంచారు. నేతన్నకు పని, ఊళ్లో ఆడవాళ్లకు నాలుగు పైసలు, పిల్లలకు బట్టలు. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చెప్పలేరు. చిక్కంతా తారీకుల్లో ఉంది. బట్ట ఏప్రిల్‌లో మండలానికి చేరితే పిల్లల్ని నిలబెట్టి టేపు పెట్టి కొలవొచ్చు. మే నెలలో చేరితే పిల్లలు సెలవుల్లో ఉంటారు, తరగతిని బట్టి అంచనాతో కుట్టాల్సిందే. అప్పుడు ఆరో తరగతిలో పొట్టిగా ఉన్న అమ్మాయికి భుజాలు మోచేతి దాకా జారుతాయి, పొడుగ్గా పెరిగిన అబ్బాయికి ప్యాంటు మడమ పైనే ఆగిపోతుంది. ఉచితంగా వచ్చిన జతను పట్టుకుని తల్లి మళ్లీ ఊరి టైలరు దగ్గరికి నడుస్తుంది. మరమగ్గాలకు ఆర్డరు సంక్రాంతి లోపల ఇస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. నేసేవాళ్లకూ కుట్టేవాళ్లకూ తెలిసిన ఈ లెక్క పైవాళ్లకు తెలియనిదేం కాదు.

పుస్తకాల విషయంలో 2024 జూన్‌లో జరిగింది మరిచిపోలేం. ఆ ఏడు పుస్తకాలు టైముకే వచ్చాయి. పిల్లల చేతికి కొత్త పుస్తకం వాసన తగిలింది కూడా. ఇంతలో ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అట్లాగే ఉందని గుర్తించి, పంచినవన్నీ వెనక్కి తీసుకున్నారు. పాఠం చెప్పాల్సిన టీచర్లు జిగురు సీసాలు పట్టుకుని పేజీలు అంటించుకుంటూ కూర్చున్నారు. లెక్కల పాఠంలో తప్పు దొర్లినా మనవాళ్లు ఇంత హడావిడి చేస్తారో లేదో అనుమానమే.

ఆ పుస్తకాల గురించే ఇంకో మాట చెప్పాలి, ఇది తల్లిదండ్రులకు. సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం 2022లో మొదలైంది. ఆ తర్వాత పై తరగతులకూ వెళ్లింది. అప్పటి నుంచి పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో. దీనివల్ల పుస్తకం లావై రెండు భాగాలైంది, సంచి బరువూ పెరిగింది. కానీ ఇందులో చాలామంది గమనించని సౌకర్యం ఒకటుంది. ఐదో తరగతి దాకా చదివి ఆపేసిన తల్లి కూడా ఎడమ చేతివైపో కుడి చేతివైపో ఉన్న తెలుగు పేజీ చదివి, ‘మొక్కలు ఆహారం ఎట్ల తయారు చేసుకుంటయో నాకు చెప్పు’ అని కూతుర్ని అడగొచ్చు. పిల్ల తెలుగులో చెప్పి, ఎదుటి పేజీలో ఆ వాక్యం ఏదో వేలు పెట్టి చూపించాలి. అంతే. ట్యూషన్‌కు నెలకు ఐదొందలు పెట్టలేని ఇంట్లో ఇది రోజుకు పావుగంట పని. ఇంగ్లిష్ మీడియం అనగానే ‘మాకేం తెలుస్తది’ అని చేతులెత్తేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. బడి తెరిచిన మొదటి వారంలో హెడ్మాస్టర్లు తల్లుల్ని పిలిచి, పుస్తకం తెరిచి, ఈ పద్ధతి చూపించాలి. బడి మరమ్మతులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఎలాగూ ఉన్నాయి. వాటి పని నల్లాలు, స్విచ్చుబోర్డులు చూడటంతోనే ఆగిపోవాలా?

అన్ని తరగతుల్లోకీ కష్టమైన మలుపు ఐదు నుంచి ఆరుకు వెళ్లేది. ఊళ్లో ప్రైమరీ స్కూలు అయిపోతుంది. జెడ్పీ హైస్కూలు రెండు మూడు కిలోమీటర్ల అవతల వేరే ఊళ్లో ఉంటుంది. ఇద్దరు టీచర్లు అన్నీ చెప్పే బడి నుంచి పీరియడ్‌కు ఒక సారు మారే బడికి పోవాలి. తండా పిల్లలకైతే ఇంట్లో మాట్లాడే లంబాడీ, బడి తెలుగు, పుస్తకం ఇంగ్లిష్, కొత్తగా హిందీ. నర్సంపేట, మహబూబాబాద్ వైపు తండాల్లో ఆడపిల్లల చదువు ఆగేది ఎక్కువగా ఈ మలుపులోనే. కారణం అడిగితే ‘దూరం’ అంటారు. దూరం ఒక్కటే కాదు, తోడు లేకపోవడం. ఐదో తరగతి టీచరు ఈ పిల్లల్ని బడి తెరిచిన మొదటి రోజు వెంటబెట్టుకుని హైస్కూలుకు తీసుకుపోయి, టీసీతో పాటు ‘ఈమెకు లెక్కలు బాగా వచ్చు, చదవడంలో కొంచెం తడబడుతుంది’ అని క్లాస్ టీచరుకు నోటితో చెప్పి వస్తే చాలు. ఈ పనికి జీవో అక్కర్లేదు. కొన్నిచోట్ల మంచి టీచర్లు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు.

బస్సు సంగతి మాత్రం టీచర్ల చేతిలో లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, మంచిదే. మగపిల్లలకు పాసు కావాలి. దానికి బోనఫైడ్, ఫొటో, కౌంటర్ దగ్గర లైను. అయితే పాసున్నా ఆధార్ కార్డున్నా బస్సు రావాలి కదా. హైస్కూలు వేళలు 2024లో అరగంట ముందుకు జరిగి ఉదయం 9 గంటలకయ్యాయి. ఊరికి తొమ్మిదింపావుకు వచ్చే పల్లెవెలుగు వల్ల ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. పరకాల, నర్సంపేట, తొర్రూరు, భూపాలపల్లి డిపోల మేనేజర్లు మండల విద్యాధికారులతో (ఎంఈవోలు) ఒక్క పూట కూర్చుంటే ఏ రూటులో ఏ బస్సును ఎంత ముందుకు జరపాలో తేలిపోతుంది. సగం పీరియడ్ పోగొట్టుకుని బడి మెట్లెక్కే పిల్లవాణ్ని ‘లేటు’ అని బయట నిలబెట్టే శిక్ష కూడా అప్పుడు ఉండదు.

ఈ నెలలో వరంగల్, హనుమకొండ బస్టాండ్లలో ట్రంకు పెట్టెలు కనిపిస్తాయి. గురుకులాలకు వెళ్లే పిల్లలవి. ఒక్కో పెట్టెలో తాళం, బకెట్, మగ్గు, కంచం, గ్లాసు, దుప్పటి, అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా. 1971లో పి.వి. నరసింహారావు సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టించారు. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన ఆయన మొదలుపెట్టిన ఆ పద్ధతి లేకపోతే ఈ ప్రాంతంలో ఎందరో పేదింటి పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యేవాళ్లు కాదు. అయితే పదేళ్ల పిల్లను మొదటిసారి హాస్టల్లో దింపి వచ్చే తల్లిదండ్రులు సామాన్ల మీద పెట్టే శ్రద్ధ ఒక ముఖ్యమైన దాని మీద పెట్టడం లేదు. ఆ పిల్లకు సొంతంగా తల దువ్వుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పాలో తెలిసి ఉండటం. ఈ నాలుగు రోజులు ఇంట్లోనే అలవాటు చేయించాలి. నెలసరి గురించి తల్లి కూర్చోబెట్టి చెప్పి పంపాలి. ఇక హాస్టల్ వైపు నుంచి మేం అడిగేది ఒకటే: మొదటి రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఇంటికి ఫోన్ చేసుకోనివ్వండి. తొలి వారాల్లో గోడ దూకి పారిపోయే పిల్లల్ని క్రమశిక్షణ లేనివాళ్లుగా చూడటం తగదు, వాళ్లకు ఇల్లు గుర్తొచ్చింది అంతే.

ప్రైవేటు బడుల గురించి ఎక్కువ చెప్పేదేముంది? బూట్లు, బెల్టు, టై, పుస్తకాలు అన్నీ బడి కౌంటర్లోనే కొనాలన్న షరతు, దాని మీద అధికారుల సర్క్యులర్, ఆ సర్క్యులర్ మీద ఎవరూ తీసుకోని చర్య. ఏటా చూస్తున్నదే. ఒకటి రెండు తరగతుల సంచి ఒకటిన్నర కిలో, పదో తరగతిది 5 కిలోలు దాటకూడదని 2017లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. హనుమకొండ నయీంనగర్‌లోనో కిషన్‌పురలోనో పొద్దున ఎనిమిదింటికి నిలబడితే ఆ ఉత్తర్వు ఎంత అమలైందో వంగిపోయిన వీపులు చెబుతాయి. తూకం రాయి పట్టుకుని ఒక్క రోజు తనిఖీ చేసిన అధికారి ఉంటే మేం మొదటి పేజీలో వేస్తాం. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ దగ్గర మాత్రం రవాణా శాఖ పట్టు సడలించకూడదు. 2014 జూలై 24న మాసాయిపేట రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇంట్లో చేయాల్సింది కొనడం కన్నా మాన్పించడమే ఎక్కువ. రాత్రి పన్నెండు దాకా ఫోన్, పొద్దున తొమ్మిదికి లేవడం. రెండు నెలల ఈ అలవాటు 12వ తేదీ పొద్దున ఒక్కసారిగా పోదు. ఇవాళ్టి నుంచే రోజుకు అరగంట చొప్పున ముందు పడుకోబెడితే మొదటి వారం తరగతిలో నిద్రపోరు. సెలవుల్లో పెన్ను పట్టని పిల్లల చేత రోజుకు పది లైన్లు రాయించాలి. పైకి గట్టిగా ఓ పేజీ చదివించాలి. పేపరైనా సరే, మా పేపరే కానక్కర్లేదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం కోసం పెద్దలు కష్టపడి పెట్టుకున్న గ్రంథాలయం అది. సెలవులు అయిపోయేలోపు ఒక్కసారి పిల్లల్ని అటు తీసుకుపోండి. అక్షరాలకు మరీ దగ్గరగా ముఖం పెట్టి చదువుతుంటే తిట్టకుండా కళ్ల పరీక్ష చేయించండి. ఐదేళ్లు, పదిహేనేళ్లు నిండిన పిల్లల ఆధార్ వేలిముద్రలు అప్‌డేట్ చేయించారో లేదో చూసుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజున వేలిముద్ర పడక ఏడ్చే టెన్షన్ ఎందుకు?

వాన గురించి చెప్పకుండా ఈ ప్రాంతంలో బడి గురించి మాట్లాడలేం. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయిని ముంచింది, మోరంచపల్లి మునిగింది. అంతటి వాన ఏటా రాకపోవచ్చు. కానీ వాగు పొంగి దారి తెగడం, రేకుల కప్పు కారి తరగతి మొత్తం ఒక మూలకు జరగడం ఏటా ఉండేవే. కన్నాయిగూడెం మండలం బంగారుపల్లి గుత్తికోయ గిరిజనుల గూడెంలో 2024లో కంటైనర్‌లో బడి పెట్టారు. గుడిసె కారుతున్నా పక్కా కట్టడానికి అటవీ నిబంధనలు అడ్డొచ్చిన చోట అదొక మంచి ఉపాయం. ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు అడవుల్లో అట్లాంటి గూడేలు ఇంకా ఉన్నాయి. కప్పుల మరమ్మతు చేయాలంటే ఈ పది రోజులే, జూలైలో నిచ్చెన వేసి ఎక్కలేరు.

పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించడానికి బడిబాట పేరుతో సార్లు, మేడమ్‌లు ఇంటింటికీ తిరుగుతున్నారు. అక్కంపేటలో పుట్టి కాకతీయ యూనివర్సిటీ వీసీ దాకా ఎదిగిన జయశంకర్ సారు పేరు మీద జరుగుతున్న కార్యక్రమం ఇది. ఫ్లెక్సీ, డప్పు, నినాదం సరే. ఈసారి చేరిక ఫారంతో పాటు ప్రతి ఇంటికీ ఇంకో కాగితం ఇవ్వాలని మా సూచన: ఈ బడిలో ఎందరు టీచర్లున్నారు, ఏ సబ్జెక్టుకు లేరు, పుస్తకాలు వచ్చాయా, ఏ తారీకుకు వస్తాయి, యూనిఫాం ఎన్ని జతలు చేరాయి, ఆడపిల్లల బాత్‌రూంలో నీళ్లున్నాయా, పొద్దున బస్సు ఎన్నింటికి. కింద హెడ్మాస్టరు సంతకం, ఎంఈవో ఆఫీసు ఫోన్ నంబరు. రాయడానికి ఖాళీలు ఎక్కువ మిగిలిన బళ్ల జాబితాను కలెక్టర్లు 12వ తేదీ లోపల తమ టేబుల్ మీదికి తెప్పించుకోవాలి.