దాత ఇచ్చిన పెట్టె తెరుచుకోవాలి

బడులు తెరిచే జూన్ నెలలో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో దాతల సందడి కనిపిస్తుంది. చదువుకుని హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లి స్థిరపడినవారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, చుట్టుపక్కల సిమెంటు, మందుల పరిశ్రమలవారు ఊరి బడిని తలచుకుని నోటు పుస్తకాలు, బ్యాగులు, బల్లలు, నీటి శుద్ధి యంత్రాలు ఇస్తుంటారు. ఇవన్నీ అక్కరకు వచ్చేవే. అయితే ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలు చేత్తో పట్టుకుని, కదిపి, పేర్చి నేర్చుకునే సామగ్రి, అంటే పూసల దండలు, చెక్క ఘనాలు, అక్షరాల కార్డులు, త్రాసులు, భూతద్దాలు, బొమ్మల కథల పుస్తకాలు వంటివి దాతల జాబితాలో అడుగున ఉండిపోతున్నాయి. వచ్చినవైనా చాలాచోట్ల తరగతి గదికి చేరకుండా బీరువాలో చేరుతున్నాయి. ఈ రెండు పరిస్థితులూ మారాలన్నది మా అభిప్రాయం.

ఈ సామగ్రి ఎందుకింత ముఖ్యమో ఒక తీసివేత లెక్క చాలు చెప్పడానికి. 52లో నుంచి 27 తీసివేయమంటే మూడో తరగతి పిల్లల్లో కొందరు 35 అని రాస్తారు. రెండులో నుంచి ఏడు పోదు గనుక ఏడులో నుంచే రెండు తీసేస్తారు. ‘పక్క స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అని నల్లబల్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పినా, తెచ్చిన ఆ ఒకటి ఇటు రాగానే పది ఎలా అయిందో వారికి అంతుపట్టదు. అదే పిల్లల ముందు పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు చుట్టిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పెట్టి ఇరవై ఏడు ఇమ్మని అడిగితే, రెండు కట్టలు ఇచ్చేసి, మిగతా ఏడు పుల్లల కోసం ఎవరూ చెప్పకుండానే ఇంకో కట్ట విప్పుతారు. విప్పిన పది, ఉన్న రెండు కలిసి పన్నెండయ్యాయని, అందులో ఏడు పోతే ఐదు మిగిలాయని, విప్పని కట్టలు రెండు ఉన్నాయని కళ్ల ముందే చూస్తారు. స్థాన విలువ అనే పెద్ద భావన ఆ కట్ట విప్పిన క్షణంలో అర్థమవుతుంది. ఏడు నుంచి పదకొండేళ్ల వయసును స్విస్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పియాజే మూర్త ప్రచాలక దశ అన్నారని ఉపాధ్యాయ శిక్షణలో చదవని వారుండరు. చేతికి అందే వస్తువు నుంచే ఆలోచన నడిచే వయసది. ఆ వయసు పిల్లలకు వస్తువు ఇవ్వకుండా అంకె మాత్రమే ఇస్తే మిగిలేది బట్టీయే.

ఈ సామగ్రి అంతా దుకాణంలో కొన్నదే కావాలన్న నియమం లేదు. చింతగింజలు, గవ్వలు, పాలమూరు గుట్టల్లో విరివిగా దొరికే సీతాఫలం గింజలు లెక్కకు చక్కగా పనికివస్తాయి. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. ఈ కొలపాత్రల వరుస ఒకటి బడికి ఇచ్చి, ఇసుక గానీ జొన్నలు గానీ పోసి కొలవమంటే సగం, పావు, పదహారో వంతు అనే మాటలకు రూపం వస్తుంది. పోచంపల్లి చిటికి చీరల గళ్లు, నారాయణపేట అంచులు, గద్వాల చీరల కొంగులు చూపి అమరికలు, సౌష్ఠవం చెప్పవచ్చు. నేతన్నల దగ్గర మిగిలిపోయిన గుడ్డముక్కలు కూడా బడికి కానుకే. ఊరి వడ్రంగి చేత చెక్క ఘనాలు, మేకుల పలకలు చేయించి ఇస్తే దాత డబ్బు ఊరిలోనే ఒక ఇంటికి పనవుతుంది. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టించిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఖర్చు తక్కువ కావడం ఈ సామగ్రికి లోపం కాదని చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన ప్రాంతపు బడుల్లో దీని అవసరం మరికాస్త ఎక్కువని మేము భావించడానికి కారణాలున్నాయి. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, నల్లగొండ జిల్లాది 64 శాతం. తల్లిదండ్రులు పనుల కోసం వలస పోతే ముసలివాళ్ల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు పాలమూరులో నేటికీ ఉన్నారు. వారి ఇళ్లలో కథల పుస్తకం గానీ, ఆడుతూ నేర్చుకునే వస్తువు గానీ ఉండాలని ఆశించలేము. బడిలో ఉన్నదే వారికి ఉన్నది. దేవరకొండ వైపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, నారాయణపేట సరిహద్దులో కన్నడ వినిపిస్తుంది. ఆపైన 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి, పుస్తకంలో ఇంగ్లిష్ మరొకటి అయినప్పుడు బిడ్డ చేతిలో ఉన్న వస్తువే మూడింటిలోనూ అర్థమవుతుంది. త్రాసులో రాయి పెట్టి ‘బరువు’ అన్నప్పుడు అనువాదం అడగవలసిన పని ఉండదు.

ఇక ఒకే ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయురాలో ఐదు తరగతులనూ చూసుకునే బడుల సంగతి. ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపు మిగతా నాలుగు తరగతుల పిల్లలు ఏం చేయాలన్నది అక్కడ రోజూ ఎదురయ్యే ప్రశ్న. పుస్తకంలోది చూసి రాయమనడం తేలికైన జవాబు, కానీ దానితో పిల్లలకు ఒరిగేది తక్కువ. జోడిస్తే పటమయ్యే ముక్కలు, పదాల కార్డులు, జతపరిచే ఆటలు అందుబాటులో ఉంటే ఆ పిల్లలు ఉపాధ్యాయుడి కోసం ఎదురుచూడకుండా, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ పని చేసుకుంటారు.

గ్రంథాలయం విషయంలో దాతృత్వం మనకు కొత్తది కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టిన తరువాత నల్లగొండ, సూర్యాపేట వంటి పట్టణాల్లోనూ గ్రంథాలయాలు వెలిసింది చందాలతో, విరాళాలతోనే. ఆ వారసత్వం బడి గ్రంథాలయానికీ దక్కాలి. అయితే ఇంట్లో అడ్డుగా ఉన్న పాత పోటీ పరీక్షల పుస్తకాలు తెచ్చి ప్రాథమిక పాఠశాలకు ఇవ్వడం దానం అనిపించుకోదు. ఆరేళ్ల బిడ్డకు పేజీకి ఒక వాక్యం, పెద్ద బొమ్మ ఉన్న పుస్తకం కావాలి. ఆ పుస్తకంతో పాటు కథలోని పాత్రల గుడ్డ బొమ్మలు నాలుగు ఉంటే, విన్న కథను పిల్లలు బొమ్మలతో ఆడి తిరిగి చెబుతారు. వరస తప్పితే పక్కవాళ్లే అందిస్తారు. చదవడం రాని పిల్లలకు కూడా గ్రంథాలయంలో చోటు దొరికేది ఇలాగే. చూపు సరిగా లేని పిల్లల కోసం తడిమి తెలుసుకునే పుస్తకాలు, ఉబ్బెత్తు అక్షరాల పలకలు దాతలు తప్పక ఆలోచించవలసినవి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలను అడిగితే ఏది కావాలో చెప్పగలరు.

ఇంత ఉపయోగం ఉన్న సామగ్రి బీరువాలో ఎందుకు ఉండిపోతోంది? ఉపాధ్యాయులు చెప్పే కారణం ఒక్కటే, స్టాకు రిజిస్టరు. వచ్చిన ప్రతి వస్తువూ రిజిస్టరులోకి ఎక్కుతుంది. పోయినా విరిగినా ప్రధానోపాధ్యాయుడు సంజాయిషీ చెప్పుకోవాలి, బదిలీ మీద వెళ్లేటప్పుడు లెక్క అప్పజెప్పాలి. ఈ భయం ఉన్నచోట పిల్లల చేతికి పూసల దండ ఇవ్వడం కంటే తాళం వేయడమే క్షేమమనిపిస్తుంది. ప్రాథమిక బడులకు కనీస వసతులు, బోధన సామగ్రి ఇచ్చేందుకు 1987లో మొదలైన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద వచ్చిన పెట్టెలకూ చాలాచోట్ల ఇదే గతి పట్టింది. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం ఉపాధ్యాయుడికి ఏటా 500 రూపాయలు ఇచ్చినప్పుడు, మేళాల్లో ప్రదర్శించడానికి చేసిన అందమైన చార్టులు గోడలెక్కాయి గానీ పిల్లలు వాటిని ముట్టుకున్నది తక్కువ. తప్పు ఉపాధ్యాయుల మీద వేసి ఊరుకోవడం సులువే, కానీ విరిగితే శిక్ష ఉన్న వ్యవస్థలో వారు చేయగలిగింది కొద్దే.

దాతలు చేయదగిన మొదటి పని, ఇచ్చే ముందు అడగడం. బడులు తమ అవసరాలను ప్రకటించి, దాతలు వాటిలో నుంచి ఎంచుకునేందుకు కేంద్రం 2021 సెప్టెంబరులో విద్యాంజలి 2.0 పోర్టల్ తెచ్చింది. అదీ వద్దనుకుంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం రోజున వెళ్లి పది బడుల ఉపాధ్యాయులను ఒకేసారి అడగవచ్చు. కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లో రెండు శాతం ఖర్చు చేయవలసిన పరిశ్రమలు, ఒకేసారి యాభై బడులకు ఒకే రకం కిట్టు పంచి ఫొటో దిగడం కంటే, ఐదు బడులను ఎంచుకుని మూడేళ్లపాటు ఏటా తరిగిపోయినవి నింపుతూ, ఉపాధ్యాయులకు వాటి వాడకంలో శిక్షణ ఇప్పిస్తే ఫలితం ఎక్కువ. ఆటవస్తువులు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. చిన్న పిల్లలు మింగే ప్రమాదమున్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు వద్దు.

దాతలున్నారు గదా అని ప్రభుత్వం తప్పుకోవడానికి వీల్లేదు. ప్రతి తరగతికీ బోధనాభ్యసన సామగ్రి, ప్రతి బడికీ కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం, ఆట వస్తువులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన రాష్ట్ర పథకం మన ఊరు – మన బడి ప్రధానంగా గదులు, మరుగుదొడ్లు, నీరు, ఫర్నిచర్ మీద దృష్టి పెట్టింది. అదే ఏడాది వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు చేయడం వచ్చేలా చూడాలంది. ఆ లక్ష్యానికి తగిన సామగ్రి, అది అరిగినకొద్దీ నింపే నిధి కూడా వెంట ఉండాలి.

అన్నిటికంటే ముందు జరగవలసింది, ఖర్చు లేనిది ఒకటుంది. ప్రాథమిక తరగతుల్లో వాడే సామగ్రిని, కథల పుస్తకాలను సుద్దముక్కల్లాగే వాడి అరగదీసే వస్తువులుగా పరిగణించాలని, ఏటా వేసవి సెలవులకు ముందు విరిగినవాటిని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానంతో రిజిస్టరు నుంచి తొలగించవచ్చని, వాటి కోసం ఏ ఉపాధ్యాయుడినీ సంజాయిషీ అడగరాదని విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఏకరూప దుస్తులు కుడుతున్న మహిళా సంఘాలకే చిరిగిన పుస్తకాలు కుట్టడం, గుడ్డ బొమ్మలు తయారుచేయడం అప్పగించవచ్చు. మండల విద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టరులో ఎన్ని వస్తువులున్నాయని కాక, ఈ వారం ఏవి వాడారని పిల్లలనే అడగాలి. ఈ ఉత్తర్వు వచ్చే జూన్‌కు ముందే వెలువడాలని మేము కోరుతున్నాం.