సవరణ: ఆర్ట్స్ కాలేజీ భవనం 1918 నాటిది కాదు

ఉస్మానియాలో ఎంఏ చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటి వారం ఎలా గడపాలో చెబుతూ మొన్న నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మన్నించాలి.

ఆర్ట్స్ కాలేజీ భవనం 1918లో కట్టారని రాశాను. 1918 యూనివర్సిటీ పుట్టిన ఏడాది. అప్పుడు క్యాంపస్సే లేదు, తరగతులు గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలో నడిచాయి. భవనానికి శంకుస్థాపన 1934లో, ప్రారంభం 1939 డిసెంబరు 4న. ప్రారంభించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. పరిచయ కార్యక్రమంలో ఎవరైనా అడిగితే నా పాత పోస్టు చూసి చెప్పారో, నవ్వులపాలే!

రెండోది దారి. ‘ఆర్ట్స్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగండి’ అన్నాను. ఆ పేరుతో ఉన్నది ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) స్టేషన్, సికింద్రాబాద్–ఫలక్‌నుమా దారిలో. మెట్రోలో వచ్చేవాళ్లు తార్నాకలో దిగి ఆటో ఎక్కండి. బరువైన సర్టిఫికెట్ల ఫైలుతో నడవాలని మాత్రం చూడకండి, నేను నడిచాను, చెమటకి జిరాక్సులన్నీ అంటుకుపోయాయి.

చరిత్ర, సోషియాలజీ, రాజనీతి శాస్త్రం వాళ్లూ వెళ్లాల్సింది ఆ రాతి భవనానికే. పాత పోస్టులోని ఆ మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.