సింపుల్ పాస్ట్ టెన్స్ గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ సింపుల్ పాస్ట్ టెన్స్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని రాయాలో, ఉండేవారని రాయాలో తేలక ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ముందు మీ పేరు సంగతి. సింపుల్ అంటే సులువు అనుకుని మీ దగ్గరికి వచ్చినవాణ్ణి నేను. మామూలు వాక్యంలో సహాయక క్రియ తోడు లేకుండా ఒంటరిగా తిరుగుతారు కాబట్టి ఆ పేరనీ, మా సుఖానికీ దానికీ సంబంధం లేదనీ ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు మీరు చాలా మర్యాదగా ఉన్నారు. క్రియ చివర 'ఈడీ' తగిలించు, పని అయిపోతుంది అన్నారు. వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు, వెళ్ళాయి అంటూ మనిషికో తోక పెట్టే భాషలో పుట్టినవాణ్ణి. అందరికీ ఒకటే తోక అనేసరికి మురిసిపోయాను. తర్వాత పేజీ తిప్పాను. గో, వెంట్.

ఇదేం న్యాయమండీ? ఇద్దరికీ ముక్కూ మొహం ఎక్కడైనా కలుస్తాయా? ఆరా తీస్తే ఇంటిగుట్టు బయటపడింది. వెంట్ అసలు గో బిడ్డే కాదు. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ ఎలాగో, వెండ్ అనే మరో క్రియకి వెంట్ అలాగ. గో గారికి పాత ఇంగ్లీషులో వేరే రూపం ఉండేది. అది మూలపడిపోయాక, 15వ శతాబ్దం నాటికి, ఎదిగిన పిల్లవాణ్ణే దత్తత తెచ్చుకున్నారు. పాపం వెండ్, వెండెడ్ అని ఒక కొత్తవాణ్ణి చూసుకుని సరిపెట్టుకుంది. మీ ఇంట్లో జరిగిన దత్తతకి నా పరీక్ష పేపర్లో మార్కు తెగింది. నేను రాసింది 'గోడ్'. ఇంగ్లీషువాళ్ళ పిల్లలు కూడా మాటలు నేర్చే వయసులో అలాగే అంటారు. వాళ్ళంటే ముద్దు, మేమంటే సున్నా.

పుట్, కట్, హిట్ లాంటివాళ్ళు మీ మాట లెక్కచేయకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటారు. వాళ్ళని ఏమీ అనరు. రీడ్ అయితే కాగితం మీద అదే వేషం, నోట్లో మాత్రం 'రెడ్'. సరే, పోనివ్వండి.

ఆ 'ఈడీ' అయినా నిలకడగా ఉందా? రాసేది ఒకటే, పలకడం మూడు రకాలు. లాఫ్ పక్కన 'ట్', ప్లే పక్కన 'డ్', వాంట్ పక్కన 'ఇడ్'. లాఫ్‌డ్ అని గట్టిగా చదివి క్లాసంతా నవ్వాక తెలిసింది, ముందున్న ధ్వనిని బట్టి తోక మారుతుందని. పక్క అక్షరాన్ని చూసి పరుషం సరళమయ్యే సంధులు బట్టీపట్టినవాళ్ళం కాబట్టి దీన్ని క్షమిస్తున్నాను.

క్షమించలేనిది డిడ్‌ని. ఒకసారి ఇంటర్వ్యూలో ఫలానా ట్రైనింగ్‌కి వెళ్ళావా అని ఇంగ్లీషులో అడిగారు. 'ఐ డిడ్ నాట్ అటెండెడ్' అన్నాను. పాస్ట్ రెండుసార్లు పడితే మాట గట్టిగా ఉంటుందని నా నమ్మకం. ఎదుటాయన పెన్నుకి మూత పెట్టేశారు.

డిడ్ వచ్చాక భూతకాలం బరువంతా అదే మోస్తుందనీ, అసలు క్రియ ఖాళీ చేతులతో నడవాలనీ తర్వాత చెప్పించుకున్నాను. చాలాకాలం ఇది మీ పెత్తనమే అనుకున్నాను. కానీ ఒకరోజు నా భాషనే గమనించుకుంటే నోట మాట రాలేదు. వెళ్ళాను అంటాం. కాదనాలంటే? వెళ్ళలేదు. 'వెళ్ళాను లేదు' అని పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా అన్నానా? 'లేదు' వచ్చి కూర్చోగానే ఆ 'ఆను' లేచి వెళ్ళిపోతుంది. మీ డిడ్ నాట్ చేయించేదీ అదే. ఇంత చిన్న ముక్క ఆరో తరగతిలో చెప్పి ఉంటే ఆ పెన్ను మూత పడేది కాదు.

అయితే ప్రశ్న దగ్గర మాత్రం తప్పు మీదే. వెళ్ళాడు, వెళ్ళాడా. మేం ఒక్క దీర్ఘంతో ముగిస్తాం, క్రియ ఎక్కడిది అక్కడే ఉంటుంది. మీకు దానికీ డిడ్ కావాలి, వెంట్ మళ్ళీ గో అయిపోవాలి. ఎవరు వెళ్ళారని అడిగితే మాత్రం 'హూ వెంట్', డిడ్ అక్కర్లేదు. ఆ రోజు ఆయన సెలవు కాబోలు.

ఇక పక్కింటి ప్రెజెంట్ పర్ఫెక్ట్ గారితో మీకున్న గట్టు తగాదా. నిన్న, పోయినేడాది, 2010లో అని గడిచిన కాలం పేరు చెప్పామా, ఆ పొలం మీది. 'ఐ సా హిమ్ యెస్టర్‌డే' అనాలి, 'హావ్ సీన్' అంటే సరిహద్దు దాటినట్టు. మాకు రెండిటికీ ఒక్క 'చూశాను' ఉంది. గట్టెక్కడుందో ఎలా కనబడుతుంది?

పోనీ భూతకాలంలోనైనా కుదురుగా ఉంటారా అంటే, అదీ లేదు. మా పాత మేనేజర్ 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యూ సంథింగ్' అని ఆగారు. అడగాలనుకున్నారు, ఇప్పుడు వద్దనుకున్నారు కాబోలని థాంక్యూ చెప్పి సీటుకి వచ్చేశాను. అది మర్యాదట! 'ఇట్స్ టైమ్ వుయ్ వెంట్' అంటే ఇంకా ఎవరూ కదల్లేదని అర్థమట. జరగని పనికి జరిగినట్టు వేషం వేయడం పెద్దలైన మీకు తగునా?

ఈ మాట ఇంకా గట్టిగా రాసేవాణ్ణే. ఇంతలో ఫోన్ మోగింది. ఎక్కడున్నావని స్నేహితుడు అడిగాడు. వచ్చేశా, రెండు నిమిషాలు, అన్నాను. ఇంకా చొక్కా వెతుక్కోవాలి.

ఇట్లు,
మీ పాత బాధితుడు